రెండో ఊపు

హైనో మాట వినొద్దని నేనెప్పుడూ అనలేదు.
గెడ చేతికిచ్చే ముందు
ఆ పిల్లను ఉయ్యాల ఎందుకెక్కిస్తున్నావని
మాత్రం అడిగాను.

సారెమా దీవిలో సముద్రం అంచులు గడ్డకట్టే నెలల్లో
జూనిపర్ పొదల అవతల
ఇనుప చేతుల ఉయ్యాల.
కూర్చుని ఊగేది కాదు.
నిలబడి, పాదాలకు పట్టీలు బిగించుకుని,
కుంగి లేచి, కుంగి లేచి,
చివరికి ఇరుసు మీదుగా తలకిందులై
చుట్టు తిరిగి వచ్చేది.
కీకింగ్ అంటారు. మావాళ్లకది పందెం.
హైనోకి పాఠం.

"చేతులు వంచకు. పొడుగ్గా ఉండు.
అడుక్కొచ్చినప్పుడే తన్ను."
అతని ప్రతి మాటకీ ఓ ఆవిరి తునక.
త్రీను తలూపుతుంది. పదిహేడేళ్లు.
తలకిందులవడమంటే భయం,
తను ఎవరికీ చెప్పనిది, అందరికీ కనబడేది.
మూడు మీటర్ల అరవై దగ్గర
గెడ విచ్చుకుంటున్నా
తను ముడుచుకునే ఉంటుంది.

నేను ముప్పయ్యేళ్లుగా గెడలు పట్టుకునేవాణ్ణి.
సాధనలో పైకి లేచినవాళ్లు వదిలేసిన గెడ
నేల మీద పడకుండా అందుకోవడం నా పని.
ఇంకోటి,
ఆఖరి అడుగు ఎక్కడ పడిందో
సుద్దముక్కతో గీయడం.
వాదించడం నాకు రాదు, గీతలే వచ్చు.

ఏప్రిల్‌లో మైదానం తేరుకుంది.
త్రీను పరిగెత్తింది, గెడ వంగింది,
పాదాలు, ఆ మొండి పాదాలు,
ఆకాశంలోకి ఇంటికెళ్తున్నట్టు వెళ్లాయి.
హైనో నా వైపు చూశాడు.
నేను నేల వైపు చూశాను.

గీత జానెడు లోపల.
మర్నాడు జానెడు మీద బెత్తెడు.
గెడ కొస పెట్టెలో గుద్దుకుంటోంది,
పిల్ల ఇంకా దేనికోసమో ఆగుతోంది.

ఆ రాత్రి నిద్ర పట్టక పొర్లుతుంటే తట్టింది:
ఉయ్యాల దయగలది.
ఈ ఊపు చాలకపోతే మరోటి ఇస్తుంది,
అదీ చాలకపోతే మరోటి.
గెడకి రెండో ఊపు లేదు.
పద్నాలుగు అడుగుల్లో కూడబెట్టిందంతా
ఒక్క చప్పుడులో లాక్కుంటుంది.
తిరిగిస్తే పైకి,
లేదా వచ్చిన దారినే వెనక్కి.

"నువ్వు దానికి ఓపిక నేర్పావు," అన్నాను.
"ఓపిక తప్పా?"
"ఇక్కడ తప్పే."
"భయం పోయిందా లేదా?"

పోయింది. కాదనలేను.
జ్వరం తగ్గింది, దద్దుర్లు లేచాయి.

ఆ తర్వాత నెల్లాళ్లు మేమిద్దరం మాట్లాడుకున్నది
పరుపు మీద కప్పే టార్పాలిన్ చిరుగు గురించే.

ఓ పొద్దున్నే త్రీను
నేను గీసిన పాత గీతలన్నీ చెప్పుతో చెరిపేస్తోంది.
"ఉయ్యాల మీద లెక్కపెట్టేదాన్ని,
ఎన్నో ఊపుకి పైకి పోతానో అని.
ఇక్కడా లోపల్లోపల లెక్కపెడుతున్నా.
పాదాలు ఉయ్యాలవే ఉంచుకుంటా.
లెక్క మీకిచ్చేస్తా."
ఎవరికిచ్చిందో, నాకా, హైనోకా,
మేమిద్దరం అడగలేదు.

జూన్ పోటీలో బార్ మూడు ఎనభై మీద.
గాలి కోట వైపు నుంచి, పక్కవాటంగా.
అడుగు పడాల్సిన చోటే పడింది.
గెడ వంగింది, విచ్చుకుంది, తనూ విచ్చుకుంది.
పాదాలు దాటాయి, నడుం దాటింది,
రొమ్ము రాసుకుంది.
బార్ కాసేపు వణికి
పడిపోయింది.

జనం అయ్యో అన్నారు.
పాదాలు తగిలి పడ్డ బార్ వేరు,
రొమ్ము తగిలి పడ్డ బార్ వేరు.
ఆ తేడా తెలిసి నవ్వింది
మైదానం మొత్తంలో ముగ్గురమే.

శరత్తులో ఇంకో కుర్రాడొచ్చాడు, ఒస్కార్.
వాడికి తలకిందులంటే భయమే లేదు,
మెట్ల రెయిలింగు మీద కూడా అలాగే వేలాడతాడు.
"వీణ్ణి ఎక్కించకు," అన్నాను.
హైనో చేతిలో పానా ఆగింది.
బిగించిన బోల్టు మళ్లీ వదులు చేయలేదు గానీ
వాణ్ణి ఎక్కించనూ లేదు.

చీకటి పడ్డాక నేనెక్కాను.
అరవై రెండేళ్లు, ఒక మోకాలు అరువుది.
కుంగి లేచి, కుంగి లేచి,
భుజాల ఎత్తు దాటలేదు.
ఎన్ని ఊపులో లెక్కపెట్టాను కూడా.
అన్నిటికీ అది
సరేలే అంది.