ఐదో మాట

డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పింది.
చింతకాయ, రైలు, గొడుగు, ఉప్పు...
మళ్ల చెప్పుమంటే నాలుగే వచ్చినయి.
ఐదోదానికోసం ఆమె బల్ల మీద,
గోడ గడియారం కింద, నా అరచేతులల్ల వెతికిన.
తొందర లేదు బిడ్డా అన్నది.
నాకు ఎప్పుడూ తొందరే.
ముప్పై సెకన్ల కూతల బతికినదాన్ని.

రెండో సగం, ఇంక నాలుగు నిమిషాలున్నయి.
బోనస్ గీత మీద నా కాలు, కణత మీద ఎవరిదో మోకాలు.
లేచిననంట. జడ బిగించుకున్ననంట.
ఇంకో రైడ్‌కు పోయి రెండు పాయింట్లు తెచ్చిననంట.
అయినంక పోయి అవతలి జట్టు బెంచీ మీద కూసున్ననంట.
నా గురించి నేనే అంట, అంట అంటున్న,
పక్కింటి ముచ్చట చెప్పినట్టు.
వీడియో చూసిన:
ఏడో నంబరు బనీను, నా నడకే, నా జడే,
ఆ పిల్లెవరో నాకు తెల్వది.
ఆ రెండు పాయింట్లు ఆమెకే ఇచ్చెయ్యాలె.

కొత్తవాడల మా ఇల్లు. ముందర్రల మగ్గం.
అమ్మ జంపఖానాలు నేస్తది.
పుట్టినకాడికెంచి ఆ చప్పుడులనే నిద్రపోయిన.
ఇప్పుడు పలక దెబ్బ ఒక్కొక్కటి కణతకే తగులుతుంది.
ఒక్కసారి చెవులు మూసుకున్న, అంతే.
అమ్మ మగ్గం ఆపింది.
పందొమ్మిది రోజులు ఆపింది.
సేటు మనిషి వచ్చి వాకిట్ల నిలబడి పోయిండు.
నిశ్శబ్దానికి కిరాయి ఎంతనో
అప్పుడు లెక్క తెలిసింది నాకు.

మోకాలు ఇరిగితే కట్టుంటది.
కట్టును చూసి మంది తొవ్వ ఇస్తరు.
నా తలకు కట్టు లేదు.
"మంచిగనే ఉన్నవు గదా, సెలెక్షన్లు ఫిబ్రవరిల"
అంటడు సారయ్య సారు.
మంచిగనే ఉన్న సార్.
చెంచా కింద పడితే ఏడుస్తున్న.
ట్యూబ్‌లైటు జుయ్యిమంటే అమ్మ మీదికి లేస్తున్న.
తెల్లందాక కన్ను మూతపడదు,
పొద్దంత కన్ను తెరవబుద్ధి కాదు.

ఒకనాటి మాపటీలి రైలుగేటు కాడ నిలబడ్డ.
గేటు పడ్డది, గూడ్సు పోయింది, గేటు లేచింది.
నేను కదలలే.
ఎందుకని అప్పుడు అడిగితే చెప్పకపోదును.
వెనుక ఆటో ఆయన హారన్ కొట్టిండు,
"చెవుడా పిల్లా" అని తిట్టిండు.
ఆ తిట్టు పట్టుకొని ఇంటికొచ్చిన.
ఆ రాత్రి అమ్మకు చెప్పిన. తెల్లారి డాక్టరమ్మకు.
కూత ఆపకుండ చెప్పిన,
మధ్యల ఊపిరి తీస్తే ఔటన్నట్టు.

మోకాలు సుగుణది. బానోతు సుగుణ, మానుకోట పిల్ల.
ప్రతి ఆదివారం ఫోన్ చేస్తది.
మాఫీ అడగదు, ఆట ముచ్చట తియ్యదు.
ఎనుమాములల మిర్చి క్వింటాలు ఎంత పలికిందో,
వాళ్ల నాయిన ఎన్ని బస్తాలు వాపసు తోలుకపోయిండో చెప్తది.
నేను ఊ కొడ్త.
ఆమె మోకాలు కూడ నిద్రపోతలేదని
ఆ ధరలల్ల నాకు వినపడ్తది.

నడక పది నిమిషాలు. తలనొస్తే ఏడు.
హన్మకొండ స్టేడియం గోడెంబడే, లోపటికి పోకుండ.
చిన్నపిల్లల కూత గోడ దాటి వస్తది.
నా పెదాలు కదిలినయి.
సప్పుడు రాలే.

నిన్న మళ్ల పరీక్ష. ఈసారి కొత్త మాటలు.
ఐదూ చెప్పిన, డాక్టరమ్మ నవ్వింది.
పాత ఐదోది ఏందో
కాయితం తిరగేస్తే ఆమె చెప్పగలదు.
అడగలే.
దొరికితే దానంతటదే దొరకాలె,
దొరకకుంటే ఆ ఏడో నంబరు పిల్ల దగ్గరుండనీ.

"నెయ్యవే అమ్మా" అన్న ఇయ్యాల.
అమ్మ నమ్మలే. ఒక పోగు వేసి నన్ను చూసింది.
ఇంకో పోగు.
నేను ఫోన్ల టైం పెట్టుకున్న.
పదకొండో నిమిషానికి చెయ్యెత్తిన.
అమ్మ ఆపింది.
రేపు పన్నెండని
ఇద్దరం అనలే.