ఇంటికి మిగిలిన రాయి

కొత్తగా కోసినప్పుడు రాళ్లన్నీ ఒకే రంగు,
వెన్న కాగుతూ కాగుతూ
నెయ్యి కాబోయే ముందు కనిపించే పసుపు.
మా తాత మార్యాను మాత్రం
సుత్తి తిరగేసి ఒక్క దెబ్బ వేసేవాడు.
ఖంగుమంటే ఫ్రాంకా.
తడిబట్ట బాదినట్టు మూలిగితే సొల్.

ఫ్రాంకా పైకి పోతుంది,
చర్చి గోపురానికి, వల్లెట్టా మేడల వాకిళ్లకు.
సొల్ కిందికి పోతుంది, పునాదిలోకి.
మట్టి కప్పి ఉన్నన్నాళ్లే దాని మర్యాద.
ఉప్పుగాలి ఒకసారి రుచి చూసిందంటే
చెదపురుగు నయం.

సిజ్జీవి గనిలో అడుగున నిలబడితే
ఆకాశం కూడా కొలత వేసి కోసిన పలకే.
నేను వేలిగోటితో పేరు గీకేదాన్ని,
అంత మెత్తన, చంటిపిల్ల మాడులా.
"ఇప్పుడే రాసుకో" అనేవాడు తాత,
"గని చెమ్మ ఆరితే ఒళ్లు గట్టిపడుతుంది.
ఆ తర్వాత ఎవరి మాటా వినదు."
ఒకనాడు రంపం కింద ముళ్లకాయంత శంఖచక్రం,
సముద్రపు జీవి, రాయైపోయినది.
జేబులో వేసుకుని మేస్త్రీకి చెప్పలేదు.

ఇప్పుడు ఆ గనిలో నిమ్మచెట్లున్నాయి.
రోడ్డు మీద నడిచేవాళ్లకు
కాళ్ల కింద నుంచి పూతవాసన వస్తుంది.

నేను లూఆ దారిలో రాళ్లమ్ముతాను.
మా రాళ్లు కాదు.
రాజస్థాన్ నుంచి ఓడెక్కి వచ్చిన ఇసుకరాయి,
చెక్కపెట్టెలో నిలువుగా, రొట్టెముక్కల్లా.
బూడిదరంగు, పాచిరంగు,
ఎర్రమట్టిలో చారలు తీసిన గోధుమరంగు.
పళ్ల డాక్టరు గ్రేటా మికాలెఫ్ అడుగుతుంది:
ఈతకొలను చుట్టూ ఏది జారదు? ఏది నాచు పట్టదు?
చెబుతాను. ఇసుకరాయి గరుకు, కాలు నిలుస్తుంది,
నీళ్లు తాగుతుంది, నీడలో పరిస్తే పచ్చబడుతుంది.
సున్నపురాయి చల్లన,
కానీ దాని మీద నిమ్మకాయ కోయకండి,
పులుపు తగిలితే మచ్చ పడుతుంది, పోదు.
గడపకైతే జొన్‌ఒర్ వేయించండి,
కొండ అంచు రాయి, నాలుగు తరాల చెప్పులకు అరగదు.
ఇవన్నీ తాత మాటలే.
బిల్లు మీద ఆయన పేరుండదు.

మంగళవారం దుకాణానికి వచ్చాడు.
ఒక ఇసుకపలక మీద అలలున్నాయి,
ఏ ఏరు ఆడుకుని వదిలేసిన ఒడ్డో.
అరచెయ్యి దాని మీద ఉంచి
చాలాసేపు తీయలేదు.
"ఇదీ నీటి అడుగే," అన్నాడు.
"మనది గవ్వల పొడి. దీనిది ఇసుక.
దీన్ని కొట్టినవాడు ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడో లేదో."
ధర అడగలేదు.

మా ఇల్లు సొల్‌తో కట్టింది.
మంచిరాయి అమ్మకానికి, మిగిలింది మనకు,
అంతే లెక్క.
యాభై ఏళ్లుగా అవ్వ చెన్సా
పొద్దున్నే గోడ మొదట్లో పసుపు పొడి ఊడుస్తుంది.
"మీ తాత ఇల్లు కట్టలేదే,
పిండిమర పెట్టాడు" అంటుంది.
పడమటి గోడలో గుంటలు, తేనెపట్టులా.
ఒక దాంట్లో అవ్వ తాళంచెవి పెడుతుంది.
ఇంకోదాంట్లో ఆ రాతిజీవి ఉంది.

నిన్న ఆ గోడకని ఫ్రాంకా దిమ్మ తెచ్చాను,
మర కోసినది, అంచులు కత్తుల్లా.
తాతకు చెవులు వినపడవు ఇప్పుడు.
వంగి, దిమ్మకు చెంప ఆనించి
కళ్లు మూసుకున్నాడు.
"కొట్టు."
కొట్టాను.
నాకు ఖంగుమన్నట్టే అనిపించింది.
ఆయన కదల్లేదు.
"ఇంకోసారి."

లేచేసరికి చెంపంతా పసుపు.
అవ్వ చీపురు చంకలో పెట్టుకుని
కొంగు లేదు కనుక చేత్తోనే తుడిచింది,
తుడిచిన చెయ్యి
గోడకు రాసుకుంది.