నలభై ఒకటో నంబరు

చేపల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది,
సోమవారం పొద్దున్న ఆరింటికల్లా రమ్మని.
అమారోకి పద్నాలుగు నెలలు.
ఇంకా చంక దిగడు.
నేనింకా దించలేదు అనాలేమో.

కాస్త్రోలో తొమ్మిది రోజులుగా ఒకటే వాన.
వాణ్ణి రెయిన్‌కోటు లోపల దాచుకుని
ఆ వానలోనే బయల్దేరాను
నా పిల్లాడికి పగటిపూట ఒక చోటు వెతకడానికి.

మొదట సర్కారు శిశుగృహం. పైసా కట్టక్కర్లేదు.
పసుపు గోడలు, మెత్తటి నేల,
నా మోకాలి ఎత్తులో వరసగా కొక్కేలు,
కొక్కేనికో పిట్ట బొమ్మ.
చదవడం రానివాళ్ళకి పిట్టే పేరు, అంది టీచరు.
మావాడికి లకుముకి, అని మనసులో రాసేసుకున్నాను.
కాయితాలన్నీ తిరగేసి ఆవిడ అంది:
వరసలో నలభై ఒకటి. మార్చిలో చూద్దాం.
అప్పటికి జూన్ నెల.

కొండ మీద ఇంకోటుంది, డబ్బున్నవాళ్ళది.
గదికో కెమెరా. ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చట.
నా చేతులకి గ్లవ్స్, గ్లవ్స్ నిండా సాల్మన్ పొలుసులు,
ఫోను లాకర్లో.
ఎప్పుడు చూసుకోను?
ఫీజు పోగా నా జీతంలో మిగిలేది బస్సు చార్జీ.
ఆ బస్సు కూడా పనికెళ్ళడానికే.

నువ్వు పగలు, నేను రాత్రి, అన్నాడు నెల్సన్.
మా సందులో అలా చేసిన జంట ఒకటుంది.
ఏడాదిగా వాళ్ళు మాట్లాడుకునేది
ఫ్రిజ్ మీద చీటీలతోనే:
పాలు అయిపోయాయి. పన్ను వచ్చింది. నిద్రపోయాడు.

అత్తగారు దీవి నుంచి ఫోన్ చేసింది:
నా దగ్గర వదిలెయ్, ఆదివారం పడవలో వచ్చి చూసుకో.
ఆవిడ మంచిదే. ఆవిడ పెంచిన మనిషినే కదా నేను చేసుకుంది.
కానీ అతను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు,
వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా.
ఆలోచిస్తా అత్తా, అన్నాను.

చివరికి మా వెనకింటి ఎర్మెలిందా.
సర్టిఫికెట్ లేదు. అయిదుగురు పిల్లలు, టీవీ మోగుతూనే ఉంది,
కట్టెల పొయ్యికి అడ్డంగా పాత ఉయ్యాల కమ్మీలు.
నా చీటీ తీసి ఒక్కొక్కటే అడిగాను:
తలుపుకి గడియ ఉందా?
జ్వరమొస్తే ఏం చేస్తావు? నీకే జ్వరమొస్తే?
మూడో ప్రశ్నకి ఆవిడ నోరు తెరిచిందో లేదో
వెనకాల ఎవరో పిల్ల దబ్బున పడింది.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
పసుపు గదిలోనూ పెట్టాను ఈ లెక్క,
అక్కడ పదకొండు వచ్చింది.
వాళ్ళని తప్పు పట్టను, ఇద్దరి చేతుల్లోనూ ఇద్దరేసి పిల్లలు.
ఇక్కడ రెండు అనేలోపే
నన్నూ నా చీటీనీ వాకిట్లో వదిలేసి
ఆ పిల్ల ఆవిడ భుజం మీద ఉంది.

ఈ ప్రశ్న నేను రాసుకోలేదు.
మూడో ప్రశ్నకి జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు సాయంత్రాలు వాడి జుట్టు
వేరే ఇంటి పొగ వాసన వేస్తుంది.
నా వేళ్ళు, ఎంత నిమ్మకాయ రుద్దినా, చేప వాసనే.
రెండూ కలిపి పడుకుంటాం.
వాడి మొదటి మాట అమ్మ కాదు.
తీతా.
ఎర్మెలిందా కోడిపెట్ట పేరు.
నవ్వాను. గిన్నెలు తోముతూ
ఆ పేరు నేనూ ఒకసారి అని చూశాను.

నిన్న శిశుగృహం నుంచి ఫోన్.
నలభై ఒకటో నంబరు, చోటు ఖాళీ అయింది,
కొక్కేల్లో గుడ్లగూబ ఒక్కటే మిగిలింది, పర్లేదా?
బయట వాన.
అమారో కిటికీ దగ్గర నిలబడి
వెనకింటివైపు చూస్తూ కోడిని పిలుస్తున్నాడు,
చంక దిగి, తన కాళ్ళ మీద.

రేపటిదాకా టైమివ్వండి, అన్నాను.