కుర్చీ కిర్రుమన్న చోటు

బర్బాంక్‌లో, ఏడో నంబరు షెడ్డులో
ఎంత ఎండాకాలమైనా ఫ్యాన్లు ఆపేసేవాళ్ళు.
మైకులకి గాలి కూడా వినబడుతుందని.
యాభై రెండు మంది, చొక్కాలు వీపులకంటుకుపోయి,
ఎడారిని వాయించేవాళ్ళు.

నేను వాయించలేదు. రాసేదాన్ని.
రాత్రి పదకొండుకి పెన్సిల్ కాగితాలు వచ్చేవి,
పొద్దున్న ఎనిమిదికల్లా సిరాలో కావాలి.
ట్రంపెట్ల పేజీలు కాకులు వాలినట్టు నల్లగా,
మూడో హారన్‌ది దాదాపు తెల్లకాగితం:
అరవై నాలుగు ఆవర్తాలు ఊరుకో,
కొండ కనబడగానే ఒకే ఒక్క స్వరం, పొడుగ్గా.
ఆ ఒక్కదానికోసం ఆర్విడ్ లుండీన్
పెదవులు తడుపుకుంటూ, మోకాలిమీద వేళ్ళతో లెక్కపెడుతూ
పొద్దుటినుంచీ కాఫీ ముట్టేవాడు కాదు.

గుర్రాలంటే ఆరు చెక్క గుల్లలు.
వాటిని కొట్టే టిబ్బెట్స్‌కి కీళ్ళనొప్పులు.
దొంగలు తరిమిన రోజున
దౌడుకీ దౌడుకీ మధ్య ఐసుముక్క పట్టుకునేవాడు.

బాణీలు కట్టే రోట్‌మెన్ష్ గుర్రమెక్కి ఎరగడు.
చెర్నోవిట్స్‌లో వాళ్ళ బడి వెనక గోధుమచేను ఉండేదట,
ఈ గట్టున నించుంటే ఆ గట్టున ఆకాశం మొదలయ్యేదట.
"నా అరిజోనా అదే" అన్నాడు
సిగరెట్ నుసి నా తడి సిరామీద రాలుస్తూ.
ఇప్పుడెవరు దున్నుతున్నారని అడిగాను.
వయోలాలు ఇంకొంచెం మెత్తగా ఉండాలి, రాసుకో, అన్నాడు.

ఆ రోజు ఎనిమిదో టేకు.
తెరమీద షెరీఫ్ వీధి మధ్యకొచ్చి ఆగుతాడు.
అక్కడ అందరికీ ఒకే గుర్తు పెట్టాను,
తలకిందులైన టోపీలా గీతకి వేలాడే నల్లటి మౌనం.
ముప్ఫై ఒక్క కాగితాల్లో ముప్ఫై ఒక్క టోపీలు.
తొమ్మిది సెకన్లు ఎవరూ కదలకూడదు.

చెల్లోల్లో చివరివాడు, మా ఆయన డెజో.
అతని కుర్చీ కిర్రుమంది.

ఆరు దాటితే సంఘం రూలు ప్రకారం ఒకటిన్నర కూలి.
నిర్మాత గడియారం చూసి, ఇదే బాగుంది, పొండి, అన్నాడు.
బస్సులో డెజో నోరు విప్పలేదు. చెవులు మాత్రం ఎర్రగా.
ఇంటికొచ్చి
వంటింటి కుర్చీలన్నిటికీ నూనె పెట్టాడు.

పాసడీనాలో బొమ్మ వేసినప్పుడు వెళ్ళాం.
సరిగ్గా ఆ చోట, మా వెనక సీటు ముసలాయన
పెళ్ళాం చెవిలో, "అదుగో, తలుపు తీశాడు" అన్నాడు.
తెరమీద తలుపే లేదు.
డెజో నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు,
ఇంటర్వెల్ దాకా నవ్వు ఆపుకోలేక.

ఇప్పుడు టీవీలో వేస్తారు, ఏ అర్ధరాత్రో,
సబ్బులకీ టైర్లకీ మధ్య ముక్కలు ముక్కలుగా.
నేను చూడను. గిన్నెలు తోముకుంటూ వింటాను.
టిబ్బెట్స్ చేతులు పోతాయి గడగడా,
లుండీన్ ఊపిరిలోంచి కొండ లేస్తుంది.
కుళాయి కట్టేస్తాను.
నా చేతిరాతే, ఆ తొమ్మిదీ.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అయిదుకి
డెజో కాస్త సర్దుకుని కూర్చుంటాడు.