ఎండ పడని వైపు

ఒక అడుగంటే నాలుగు మిల్లీమీటర్లు.
ఆ లెక్కన నిలువెత్తు మనిషి
నా చిటికెనవేలి మొదటి కణుపు దాటడు.

టెండరు వెనక రేకుకి
రివెట్లు నూట నలభై రెండని నేను,
కాదు నూట నలభయ్యేనని లాక్లన్ పిరీ.
మూడు వారాలు మాటల్లేవు.
చివరికి ఒక పాత ఫోటోలో
నీటిగొట్టం నీడ చాటున
ఇంకో రెండు బయటపడ్డాయి.
ఇద్దరం ఓడిపోయాం గనక
ఆ సాయంత్రం కలిసే తాగాం.

ఇత్తడి రేకుని బోర్లించి
సూదిమొనతో ఒక్కొక్కటే పొడవాలి,
ఊపిరి బిగబట్టి.
వెంట్రుకవాసి జరిగిందా, రేకంతా దండగ.

ఇక రంగు సంగతి అడక్కండి.
కంపెనీ పుస్తకంలో రంగు పేరుంది, రంగు లేదు.
ఎండిన నెత్తురో, మాగిన ద్రాక్షో.
పైగా చిన్న వస్తువు మీద
ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది.
ఉన్నదున్నట్టు పూస్తే అబద్ధం,
ఒక చుక్క తెలుపు కలిపితే నిజం.
ఇది తెలియడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

ఇదిగో, గార్డు గది ఉన్న ఈ పెట్టె,
ఆరువందల పద్ధెనిమిది.
దీని ఫోటోలు నాకు దొరికినవి తొమ్మిది.
తొమ్మిదీ దక్షిణం నుంచి తీసినవే.
ఫోటో తీసేవాడు
ఎండకి వీపు పెట్టి నిలబడతాడు కదా.
లైనేమో తూర్పు పడమరలు.
పెట్టెని తిప్పాల్సిన పని
ఏ రోజూ ఎవరికీ రాలేదు.
ఉత్తరం వైపు ఎవరూ చూడలేదు.
చూడలేదంటే, కెమెరా చూడలేదు.

అద్దంలో నీడలా
ఇటుదాన్నే అటూ దింపేశాను.
అందరూ చేసేదే.

ఫిబ్రవరి, పెర్త్‌లో చర్చి హాలు.
తడి కోట్ల వాసన, బఠానీ సూపు వాసన.
ఊలు టోపీ పెట్టుకున్న ఒక ముసలామె
అందరూ చూసే వైపు వదిలేసి
బల్ల చుట్టూ తిరిగి వచ్చింది,
నడుం వంచి చూసింది.
"ఇటు తప్పు" అంది.

పేరు ఇసోబెల్ రాంకిన్.
పదహారేళ్ల వయసులో షెడ్డులో పెట్టెలు కడిగేదట.
"మూడో తలుపు పిడి ఇత్తడిది కాదు, ఇనుము.
ఊడిపోతే కమ్మరి డూగల్ చేసిచ్చాడు.
మంచు రోజున ముట్టుకుంటే
చర్మాన్ని ఉంచేసుకునేది."
కుడి చూపుడువేలు నా ముందు పెట్టింది.
ఏ మచ్చా లేదు. ఉన్నట్టే చూశాను.
"దాని కింద అడుగుపలక మీద
గుండ్రంగా రంగు పోయి ఉండాలి.
రోజూ నా బకెట్ అక్కడే పెట్టేదాన్ని."

ఆధారమేదీ అన్నాడు లాక్లన్.
కాగితం మీద లేనిది లేనట్టే,
క్లబ్బు నియమం.
రాసింది నేనే.

ఆ రాత్రి పట్టకారుతో ఇత్తడి పిడి పీకేశాను.
ఆవగింజలో సగం ఇనుప తీగముక్కని వంచి
టంకం పెడుతుంటే
ఎందుకో వేలు వణికింది.
బకెట్ అడుగు వెడల్పు ఒక అడుగు.
నాలుగు మిల్లీమీటర్ల వలయం.
కత్తితో కాదు,
గోటితో గీకాను.

మరుసటి పోటీలో రెండు మార్కులు కోసేశారు.
ఉత్తరం వైపు ఆధారాలు లేవు, అని రాశారు.
న్యాయమే. నేనున్నా కోసేవాణ్ణి.

ఇప్పుడు ఆ పెట్టెని
వెనక్కి తిప్పి నడుపుతున్నాను.
అది కచ్చితంగా తప్పు,
ఆ లైను మీద ఏ పెట్టే తిరగలేదు.
తెలిసి చేస్తున్న తప్పు ఇదొక్కటే.
వంతెన దాటి మీ ముందుకొచ్చినప్పుడు
మూడో తలుపు కింద
ఒక రంగు పోయిన చుక్క
రెప్పపాటు కనిపించి పోతుంది.
పెయింటు ఊడిందండీ, అంటారు మీరు.
అవునండీ, అంటాను.