అర మిల్లీ

రాత్రి ఎనిమిదీ ఇరవై, విడవలూరు ఆస్పత్రి.
ఆటోలోంచి దించుతా ఉంటే
"మా అమ్మకి దిష్టి తగిలింది మేడమ్" అన్నాడు పిలగాడు.
వాడి పిడికిట్లో గుడ్డమూట, ఎండుమిరపకాయలూ రాళ్లుప్పూ.
దారిలోనే మూడుసార్లు దిగదుడిచినట్టుంది.

చెంగమ్మ.
రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే చెంగమ్మ.
కిలోకింతని, పదకొండేళ్లు
ఐసునీళ్లలో వేళ్లు నానబెట్టుకున్న మనిషి.
నిరుడు చేతులు దద్దురెక్కితే
"ఉప్పుకి మేడమ్" అని నవ్వి
గొట్టం మందు తీసుకపోయింది.
ఇచ్చింది నేనే.

ఇప్పుడు పెదాలు ఆమెవి కానట్టున్నాయి.
మిద్దె మీదనించి చూస్తే మన గుంటలు ఎట్టుంటాయో
అట్టా, గట్లు తెగి కలిసిపోయిన దద్దుర్లు.
గొంతు అడుగున సన్నటి ఈల.
నాడి దొరికి, జారి, మళ్లా దొరికింది.

"ఏం తినింది?"
"రొయ్యల పులుసు. మామిడికాయేసి."

లేపి నడిపించమంటారు ఎవరో, నీళ్లు తాపమంటారు ఇంకెవరో.
వొద్దు. నిలబెట్టొద్దు.
ఊపిరాడేంత మటుకే తల ఎత్తి
కాళ్ల కింద టీకాల డబ్బా తోశాను.
మాలకొండయ్య అలవాటు కొద్దీ అవిల్ తీస్తున్నాడు.
అది దురదకయ్యా. దురదతో ఎవరూ చచ్చిపోరు.
అడ్రినలిన్.
అర మిల్లీ, తొడ బయటి పక్క, చీర మీదనించే.
సిగ్గుపడే తీరిక ఆమెకీ లేదు.

ఇంక గోడ గడియారం.
ఐదు నిమిషాలు ఇంత పొడుగని
మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.
పిలగాడు మూట విప్పి, కట్టి, విప్పి.
నూటెనిమిది బండి కోవూరు దాటిందని ఫోను.
సిరంజిలో రెండో అర మిల్లీ
నా బొటనవేలి కింద.

మూడో నిమిషంలో ఈల సన్నబడింది.
నాలుగో నిమిషంలో
"గుండె దడదడా కొట్టుకుంటా ఉండాది మేడమ్" అంది
తప్పేదో చేసినట్టు.
కొట్టుకోనీ తల్లీ.
కొట్టుకోనీ.

అయినా నెల్లూరు పంపించాను.
తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే రకం ఇది,
తెల్లారేదాకా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల.
చీటీ రాసి పిలగాడి చేత రెండుసార్లు చదివించాను.
'రొయ్య' అన్నచోట కింద గీత కొట్టాను.
ఆ గీత కూలి మీద కూడా పడిందని
బండి మలుపు తిరిగాక తట్టింది.

మాలకొండయ్య నేల తుడుస్తున్నాడు.
మంచం కింద రెండు మిరపకాయలు.
వాడని మందు పారేయాలని రూలు.
డబ్బా మూత తీశాను,
సిరంజి పట్టుకుని
కొంచెంసేపు అట్టే నిలబడ్డాను.