సన్నటి ధార

ఇరవై రెండేళ్ళు పోర్టులో క్రేను గదిలో కూర్చుని
సముద్రాన్ని పైనుంచే చూశాను.
అక్కణ్ణుంచి పడవలంటే చింతగింజలు,
ఎవరో ఆడి, ఏరుకోవడం మరిచిపోయినట్టు.

ఇప్పుడందులో ఒక గింజ నాది.
పీఎఫ్ డబ్బుతో, భీమిలి గుర్నాథం దగ్గర కొన్నాను.
పదిహేనేళ్ళ ఫైబరు బోటు, వెనక తగిలించిన ఇంజను.
నీలం రంగు కింద పాత పేరు ఇంకా కనిపిస్తోంది: చిట్టెమ్మ.
గీకితే పోలేదు. గీకడం మానేశాను.
"ఏ లోపమూ లేదు" అని గుర్నాథం
మూడోసారి చెప్పినప్పుడైనా అనుమానించాల్సింది.

పెదజాలరిపేట ఇసుకలో మెకానిక్ ఎల్లాజీ
పెళ్ళిచూపులకొచ్చిన మేనమామలా దాని చుట్టూ తిరిగాడు.
వేళ్ళ కణుపులతో తట్టాడు.
ఒకచోట ఆగి మళ్ళీ తట్టాడు.
"ఇక్కడ సప్పుడు మారింది, ఇన్నావా?"
నాకు రెండూ ఒకటే.
"అయితే ఇనపడేదాకా కొట్టు."
ఆదివారమంతా కొట్టాను.
పొద్దు గూకేసరికి నా బోటులో
జానెడు మేర గుమ్మడికాయ,
మిగతా అంతా కొబ్బరికాయ.

గేరు నూనె మర విప్పితే
మజ్జిగలా తెల్లగా దిగింది.
"ఉప్పునీరు లోపలికి కాపరానికొచ్చీసింది బావూ."
ఫ్యాను ఊడదీస్తే, ఇరుసు చుట్టూ
వెంట్రుకలా బిగిసిన గేలపు తీగ,
గుర్నాథం కాలం నాటిది.
అంత సన్నటిది
సీలుని ఎంత ఓపిగ్గా కోసిందో.

ప్లగ్గు, మసి పట్టిన పన్ను.
పెట్రోలు గాజు సీసాలో పోసి ఎండకెత్తితే
అడుగున నీళ్ళు, ముత్యాల్లా, దొరికిపోయిన దొంగల్లా.
సముద్రం నుంచి రాగానే
మంచినీళ్ళు ముందు ఇంజనుకి, తర్వాతే నీకు.
మా వీధి కుళాయి రోజుకో గంట.
అది బకెట్టుకి బకెట్టు తాగుతుంటే
పైడమ్మ గుమ్మంలోంచి చూసింది, ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా పెద్ద మాట.

"తిరుగుతున్నంతసేపూ పక్కనుంచి సన్నటి ధార రావాల,
పసిగుంటడు ఉచ్చోసినట్టు.
అది ఆగితే నువ్వూ ఆగు. ఆలోసించకు. ఆగు."

మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళాను.
కుడిచేతికి డాల్ఫిన్స్ నోస్,
వెనక బీచి రోడ్డు దీపాలు ఇంకా ఆరలేదు.
రెండు దగ్గులు దగ్గి
ఇంజను ఆగిపోయింది.

అలలు బోటుని తట్టాయి. విన్నాను.
గుమ్మడికాయ. కొబ్బరికాయ. కొబ్బరికాయ.

తాడు లాగాను. పదకొండు సార్లు. భుజం పోయింది.
పన్నెండోసారికి ఎల్లాజీ గొంతు అడ్డొచ్చింది:
"బలం తరవాత. ముందు బుర్ర."
సరే.
ఎర్ర తాడు మీట, దాని చోటే ఉంది.
ప్లగ్గు విప్పాను, పొడిగా ఉంది, ఎండాకాలం గెడ్డలా.
అంటే పెట్రోలు అందడం లేదు.
గొట్టం మధ్య రబ్బరు బుడ్డి నొక్కాను,
నొక్కినట్టే ఉండిపోయింది.
ట్యాంకు గోడలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి,
లంఖణాలు చేసినవాడి చెంపల్లా.

అప్పుడు చూశాను, మూత మీద గాలి మర.
తెల్లవారుజామున, ఒక్క చుక్క ఒలకకూడదని
నేనే, ఈ చేత్తోనే,
ఎంతో జాగ్రత్తగా బిగించాను.

విప్పాను.
అది గాలి పీల్చుకున్న చప్పుడు
ఇంట్లో ఎవరి దగ్గరో విన్నట్టుంది.
ఎవరి దగ్గరో తెలుసు.

రెండో లాగుడుకి అందుకుంది.
వంగి చూశాను. ధార,
ఎండ తగిలి, వంకరగా, సిగ్గులేకుండా పోస్తోంది.

దూరంగా అవుటర్ హార్బరు మీద ఒక క్రేను తిరుగుతోంది.
పైన గదిలో ఎవరో కొత్త కుర్రాడు.
వాడికి నేను చింతగింజని.
కనపడదని తెలిసీ చెయ్యి ఊపాను.

ఇక పోవాలి.
ఏడు దాటితే కుళాయి కట్టేస్తారు.